తొణకని గ్లాసు

2025 జులై మొదటి రోజు. సింగరాయకొండ చుట్టుపక్కల నల్లరేగడి చేలు దుక్కి దున్నించుకుని వాన కోసం చూస్తున్నాయి. పత్తి గింజ ఎప్పుడు పెట్టాలి, మిరప నారు ఎప్పుడు పోయాలి అని ఊరంతా తలెత్తి మబ్బుల్ని లెక్కబెట్టే రోజులు. ఆ ఇంట్లో మాత్రం సంచి సర్దడం నడుస్తోంది. కందిపొడి, గోంగూర పచ్చడి సీసా, నాలుగు జతల బట్టలు, చివరగా ఒక స్టీలు గ్లాసు.

“ఓడలో గ్లాసులుండవా ఏంది?” అన్నారాయన.

“ఉంటయ్యిలే. మన గ్లాసుతో తాగితేనే తాగినట్టుంటది” అన్నారావిడ.

ఆయన ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి. ముప్పయ్యేళ్లు ఒంగోలు, కందుకూరు, నెల్లూరు రోడ్ల మీదే గడిచాయి. ఊరికి తూర్పున కొద్ది దూరంలోనే పాకల తీరం. కార్తీకమాసం వస్తే అక్కడే మునక, అక్కడే దీపాలు. ఇద్దరూ ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూసినవాళ్లే గానీ, సముద్రంలో నిలబడి ఒడ్డును చూసినవాళ్లు కారు. ఆ ముచ్చట తీర్చాలని హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు పట్టుబట్టి పంపిస్తున్న ప్రయాణం ఇది. విశాఖపట్నంలో ఎక్కి, పుదుచ్చేరి మీదుగా చెన్నైలో దిగడం. తొలి ఏకాదశి ఆరో తేదీన. ఆ పొద్దుటికి ఇంటికి చేరిపోవాలన్నది ఆవిడ పెట్టిన ఒకే ఒక్క షరతు.

విశాఖ రేవులో ఓడను చూసినప్పుడు ఆయన ముందుగా వెతికింది డ్రైవరు సీటు కోసం. బస్సుకైతే అది మొదట కనబడుతుంది. ఎంప్రెస్ అనే ఈ ఓడ పొడవు 211 మీటర్లు, పదకొండు అంతస్తులు. 1990లో ఫ్రాన్సులోని సెయింట్ నజైర్ రేవులో పుట్టింది. అప్పుడు దాని పేరు నోర్డిక్ ఎంప్రెస్. అమెరికా, స్పెయిన్ సంస్థల చేతుల్లో ముప్పయ్యేళ్లు తిరిగి, 2021లో కోర్డేలియా సంస్థ ద్వారా మన దేశానికి వచ్చింది. 2022 జూన్‌లో తొలిసారి విశాఖ నుంచి ప్రయాణికుల్ని ఎక్కించుకుంది. అప్పటికి ఇక్కడ క్రూజ్ టెర్మినల్ సిద్ధం కాలేదు, అది 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. తెల్లటి ఆ మేడకు ముందు వైపు, చాలా ఎత్తున, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నల్లటి అద్దాలు. “అదిగో, ఆడ కూచుంటాడు డ్రైవరు” అన్నారు ఆయన. ఆ అద్దాల వెనక ఎవరూ కనబడలేదు.

నాలుగు రోజుల్లో ఆ కెప్టెన్ వాళ్లకు కళ్లెదుట కనబడింది ఒకే ఒక్కసారి. అయినా ఆ నాలుగు రోజుల్లో ఆయన చేయి పడని పూట లేదు.

మొదటి చేయి భయపెట్టడం కోసమే పడింది. సామాను గదిలో పెట్టి కిటికీ దగ్గర కూర్చున్నారో లేదో, ఓడంతా దద్దరిల్లేలా కూత. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. ప్రపంచంలో ఏ ఓడలోనైనా ఆపద సంకేతం ఇదే. అందరూ తమకు కేటాయించిన చోటికి వెళ్లాలి, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో చూడాలి, తమ లైఫ్ బోటు ఏ వైపుందో తెలుసుకోవాలి. సెలవులకు వచ్చిన కుర్రాళ్లు కొందరు విసుక్కున్నారు. మెట్ల దగ్గర నిలబడ్డ సిబ్బంది మాత్రం నవ్వుతూనే ఒక్కరినీ వదలకుండా పేరు చూసి టిక్కు పెట్టుకున్నారు. అప్పుడు మైకులో ఒక గొంతు వినబడింది. తొందర లేని ఇంగ్లీషు, మాటకూ మాటకూ మధ్య కాస్త ఖాళీ. ఈ పావుగంట మీరు నాకిస్తే మిగతా ప్రయాణమంతా నేను మీకిస్తాను అన్న అర్థం వచ్చేలా మాట్లాడింది ఆ గొంతు.

ఆ పావుగంట వెనక పెద్ద కథే ఉంది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో కోస్తా కాంకార్డియా అనే విహారనౌక నాలుగు వేల మందికి పైగా జనంతో బయలుదేరింది. ఒక దీవికి మరీ దగ్గరగా, అందరికీ కనువిందుగా ఓడను పోనివ్వాలని కెప్టెన్ దారి మార్చాడు. అడుగున బండరాయి చీల్చింది. 32 మంది చనిపోయారు. జనం ఇంకా లోపలుండగానే తాను ఓడ దిగిపోయిన ఆ కెప్టెన్‌కు కోర్టు 16 ఏళ్ల జైలుశిక్ష వేసింది. ఆ రోజే ఎక్కిన వందల మందికి అసలు లైఫ్ బోట్ల దగ్గరికి దారి ఎటో చెప్పనే లేదు. అప్పటి నియమం ప్రకారం ఎక్కాక 24 గంటల్లోపు చెబితే సరిపోయేది. ఆ ఘోరం తరవాత నియమం మారింది. 2015 నుంచి ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో ఈ శిక్షణ జరిగి తీరాలి. కుర్రాళ్లు విసుక్కున్న ఆ కూత వెనక 32 ప్రాణాలున్నాయి.

పొద్దు వాలుతుండగా ఓడ కదిలింది. కదిలినట్టు తెలియలేదు. ఒడ్డున లంగరు తాళ్లు వదిలిన మనుషులు మెల్లగా చిన్నవాళ్లు కావడం చూసి తెలుసుకోవాలి. “క్లచ్ వదిలినట్టే లేదే!” అని ఆయన రెయిలింగు మీద అరచెయ్యి ఆనించి వణుకు కోసం చూశారు. నిలబడ్డ ముసలామె తూలకుండా బండి ఎత్తడం ఒక విద్య. కొత్త డ్రైవర్లకు అది నేర్పడానికి ఆయనకు నెలలు పట్టేది. ఇక్కడ ఓ చిన్న ఊరంత జనం నిలబడి ఉన్నారు, ఒక్కరూ తూలలేదు.

విశాఖ రేవు నోటి దగ్గర ఏ ప్రయాణికుడైనా కాసేపు మాట మానేస్తాడు. ఒక పక్క డాల్ఫిన్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌసు. ఇంకో పక్క వరసగా మూడు చిన్న కొండలు. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. ఈ రేవు 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ రాకతో తెరుచుకుంది. వేంకటేశ్వరుడి గుడిని మాత్రం అంతకు చాలా ముందే, 1866లో, బ్లాక్‌మోర్ అనే యూరోపియన్ కెప్టెన్ కట్టించాడని విశాఖలో చెప్పుకుంటారు. ఆవిడ ఆ మాట విని మూడు కొండలకూ కలిపి ఒకటే దండం పెట్టారు.

కొండలు దాటాక ఓడ పక్కకు ఒక చిన్న పడవ వచ్చి ఆనుకుంది. ఓడ పొట్టలోంచి తాడు నిచ్చెన ఒకటి జారింది. దాని మీదుగా ఒక మనిషి దిగి, పడవలోకి అడుగేసి, పైకి చేయి ఊపి వెళ్లిపోయాడు. ఆయన ఈ రేవు పైలట్. లోతులు, ఇసుక మేటలు, ప్రవాహాలు తెలిసిన స్థానికుడు. రేవులోకి రావాలన్నా, బయటికి పోవాలన్నా ఆయన సలహా మీదే. కానీ ఆయన పక్కన ఉన్నంతసేపూ బాధ్యత మాత్రం కెప్టెన్‌దే. సలహా తీసుకోవడం వేరు, భారం దించుకోవడం వేరు. పెళ్లికి పురోహితుడు మంత్రం చెబుతాడు, కాపురం చేయాల్సింది పెళ్లికొడుకే అని పక్కనే నిలబడ్డ విశాఖ పెద్దాయన ఒకరు చెబితే చుట్టూ ఉన్నవాళ్లంతా తలూపారు.

రాత్రి గదికి వచ్చాక ఆవిడ స్టీలు గ్లాసులో సగానికి పైగా నీళ్లు పోసి బల్ల మీద పెట్టారు. గ్లాసు లోపలి అంచున నీటి గీత. అది ఒక పక్క నూలుపోగంత లేస్తోంది, ఆగుతోంది, రెండో పక్క లేస్తోంది. ఊపిరి తీసుకుంటున్నట్టు. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ఊపు పెరిగింది. నీటి గీత వేలి మందాన లేచింది, కానీ తొణకలేదు. ఇంకో పావుగంటకు ఎవరో నెమ్మదిగా చెప్పి వెళ్లినట్టు మళ్లీ తగ్గింది. “ఏవండీ, అదేదో తిప్పినాడు చూడండి” అన్నారావిడ.

మర్నాడు గది సర్దడానికి వచ్చిన కుర్రాడికి ఈ గ్లాసు సంగతి చెబితే పొంగిపోయాడు. వాడిది శ్రీకాకుళం జిల్లా తీరపల్లె. తెలుగు వినబడేసరికి చేతిలో దుప్పటి పక్కన పెట్టాడు. “ఓడకి పక్కల నీళ్లలో రెక్కలుంతాయి పిన్నీ. ఊగుడు ఆపుతాయవి. అప్పటికీ ఆగకపోతే కెప్టెన్ గారు ఓడ మూతి కొద్దిగా తిప్పుతారు, లేదా జోరు తగ్గిస్తారు” అన్నాడు. వాడి తండ్రి గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద ఏళ్ల తరబడి వేటకెళ్లిన మనిషి. అక్కడ బోటు పెద్దను తండేలు అంటారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన సినిమాతో ఆ మాట తెలుగువాళ్లందరికీ తెలిసింది గానీ, శ్రీకాకుళం మత్స్యకారుల ఇళ్లలో అది ఎప్పటినుంచో ఉన్న మాట. “తండేలు మంచోడైతే తిన్న కూడు ఒంటికి పడతాది బాబాయ్ అని మా నాన్న అంటాడు. ఇక్కడా అంతే. కెప్టెన్ గారు ఎదురైతే మాకు ఆయనే ముందు గుడ్ మార్నింగ్ చెప్తారు. ఆ తరవాత మేం మీతో ఎలాగ మాటాడతామో చూడండి.”

కుర్రాడి మాటలో సూక్ష్మం ఉంది. అంత పెద్ద ఓడలో ఆరు వందలకు పైగా సిబ్బంది. నెలల తరబడి ఇంటి మొహం చూడని కుర్రవాళ్లు. వాళ్లు ప్రయాణికుడి చేతికి పళ్లెం అందించే తీరు, వణుకుతున్న ముసలాయనకు భుజం ఇచ్చే తీరు పై అంతస్తులో మొదలై కిందికి దిగుతుంది. డిపో మేనేజరు కసురుకున్న రోజున కండక్టరు చిల్లర ఎలా ఇస్తాడో ఆర్టీసీ మనిషికి వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజు, మూడో తేదీ, పూర్తిగా సముద్రం మీదే. నాలుగు దిక్కులా నీళ్లు. పొద్దున ఎనిమిదికి అది ఇంకు నీలం, పదయ్యేసరికి నల్లరేగడి చెక్కు కట్టినట్టు మెరుపు నలుపు. అప్పుడప్పుడూ ఎగిరే చేపలు గుంపుగా లేచి, చేత్తో చల్లిన గింజల్లా నీళ్ల మీద రాలుతున్నాయి. టిఫిన్ల దగ్గర ఇడ్లీ ఉంది, పోహా ఉంది, జైనుల కోసం వేరే బల్ల ఉంది. కారం తక్కువైందని ఆవిడ పచ్చడి సీసా మూత తీశారు. ఎదురు బల్ల మీది గుజరాతీ కుటుంబం వాసన పట్టి చూసింది. గుంటూరు మిరపకాయ ఘాటు వాళ్లకు కొత్త కాదట, సూరత్‌లో వాళ్ల కొట్లోనే అమ్ముతారట. భాష కలవకపోయినా సీసా సగం ఖాళీ అయింది. బదులుగా ఒక డబ్బా నిండా థేప్లా రొట్టెలు వచ్చాయి.

ఆయన పై డెక్ మీదకు వెళ్లబోతే ముందు వైపు తలుపుకు గొలుసు కట్టి ఉంది. గాలి ఎక్కువగా ఉంది, మధ్యాహ్నం దాకా మూశాం అని బోర్డు. లెక్క చాలా సులువు. జులైలో గాలి నైరుతి నుంచి వీస్తుంది, ఓడ పోయేదీ దాదాపు అటే. ఎదురుగాలి 20 నాట్లు, ఓడ వేగం 11 నాట్లు అనుకుంటే, డెక్ మీద నిలబడ్డ మనిషికి తగిలేది 31 నాట్లు. గంటకు 57 కిలోమీటర్లు. బస్సు కిటికీలోంచి తల బయట పెట్టినట్టు. కుర్చీలు లేచిపోతాయి, పెద్దవాళ్లు పడిపోతారు. తలుపు మూయించినందుకు ఎవరైనా తిట్టుకోవచ్చు. మూయకపోతే జరిగేదేమిటో తెలిసిన మనిషే మూయిస్తాడు.

పదిన్నర దాటాక ఆయన ఫోన్ తీశారు. సిగ్నల్ లేదు, కానీ పటం మీద నీలం చుక్క కదులుతూనే ఉంది. ఆ చుక్క నుంచి పడమరకు వేలు జరిపితే సరిగ్గా సింగరాయకొండ తగిలింది. మధ్యలో దాదాపు 180 కిలోమీటర్ల నీళ్లు. ఇద్దరూ కుడివైపు రెయిలింగు దగ్గరకు వచ్చి నిలబడ్డారు. అటు వైపు ఏమీ లేదు. వరాహ లక్ష్మీనరసింహస్వామి కొండ లేదు, పాకల ఒడ్డున ఆరబెట్టిన వలలు లేవు, రైలు కూత లేదు. కింద రెండు కిలోమీటర్లకు మించిన లోతు. “మన ఊరెదురుగానే ఉన్నాం. ఊరికి తెలియదు” అన్నారావిడ. అని, కొంగు నిండా కప్పుకున్నారు.

సరిగ్గా పన్నెండింటికి మైకు మోగింది. అదే గొంతు. ఓడ ఎక్కడుంది, ఎంత దూరం వచ్చింది, గాలి ఎటు నుంచి, అల ఎంత ఎత్తు, సాయంత్రానికి ఎలా ఉండబోతుంది. అక్షాంశం 15 డిగ్రీల దగ్గరలో ఉన్నామని వినగానే ఆయన ఇంగ్లీషు పూర్తిగా రాకపోయినా అంకె పట్టుకున్నారు. ఊయల కాస్త ఎక్కువగా ఉందని తనకూ తెలుసని, రాత్రికి తగ్గుతుందని, కడుపులో తిప్పుతున్నవాళ్లు ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో కూర్చుని దూరంగా నీళ్లు ఆకాశం కలిసే గీతను చూడమని చెప్పింది ఆ గొంతు. అప్పటిదాకా మొహం వేలాడేసుకుని కూర్చున్న వాళ్లు లేచి సర్దుకోవడం కళ్లకు కట్టినట్టు కనబడింది. వైద్యమేమీ చేయలేదు. ఊగుతున్నది నిజమేనని ఒప్పుకుని, ఎప్పటికి ఆగుతుందో చెప్పారు. అంతే. తెలియని ఊపు మనిషిని భయపెడుతుంది. తెలిసిన ఊపుతో మనిషి సర్దుకుపోతాడు.

ఈ గొంతు చేసే పనికి తెలుగులో ఒక పాత పేరుంది, అదీ ఒకప్పటి ప్రకాశం జిల్లా తీరంలోనే. సింగరాయకొండకు ఉత్తరాన, చినగంజాం దగ్గర మోటుపల్లి అనే ఊరుంది. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడొక శాసనం వేయించాడు. దాని పేరే అభయ శాసనం. పూర్వపు రాజులు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ ముట్టనని, ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ల మీద దయతో ఈ మాట ఇస్తున్నానని అందులో రాయించాడు. సుంకం తగ్గించినందుకు కాదు దానికి ఆ పేరు. సముద్రం మీదున్న మనిషికి ఒడ్డు నుంచి రాజు ఇచ్చిన మాట అది. ఎనిమిది వందల ఏళ్లకు దగ్గరవుతున్నా, నీళ్ల మీదకు వెళ్లే మనిషి అడిగేది ఆ మాటనే.

మధ్యాహ్నం పడకేసిన ఆయనకు నిద్ర పట్టలేదు. గోదావరి గుర్తొచ్చింది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి బయలుదేరిన రాయల్ వశిష్ట బోటు దేవీపట్నం దగ్గర కచ్చులూరు మలుపులో మునిగింది. ఆ రోజు నదిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద. బోటులో 77 మంది. ప్రాణాలతో బయటపడ్డది 26 మంది, వాళ్లను కాపాడింది తమ చిన్న పడవలతో పరుగెత్తుకొచ్చిన కచ్చులూరు ఊరివాళ్లు. బోటును ధర్మాడి సత్యం బృందం 38వ రోజున బయటికి తీయగలిగింది. ఆ ఆదివారం పొద్దున ‘ఈవాళ వద్దు, నది బాగాలేదు’ అని ఒక్క మనిషి గట్టిగా అని ఉంటే ప్రయాణికులు నిరాశపడేవారు, కసురుకునేవారు, సాయంత్రం బిరియానీ తిని ఇళ్లకు పోయేవారు. ప్రయాణికుడికి కెప్టెన్ ఇవ్వగల వాటన్నిటిలో వద్దు అన్న మాటే ఖరీదైనది. అందుకే అంతర్జాతీయ సముద్ర భద్రతా నియమాలు ఒక సంగతి కచ్చితంగా రాశాయి: ప్రాణరక్షణ కోసం కెప్టెన్ తీసుకునే నిర్ణయానికి ఓడ యజమాని కూడా అడ్డు రాకూడదు. ఆ నియమావళి మొదటిసారి 1914లో వచ్చింది, టైటానిక్ మునిగిన రెండేళ్లకు.

టైటానిక్ కెప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్ ప్రయాణికులు కోరి ఎంచుకున్న కెప్టెన్. ఆయన నడిపే ఓడలోనే వెళ్తామని డబ్బున్నవాళ్లు ఆగి మరీ టిక్కెట్లు కొనేవారు. ఆ ఓడ మునిగిన రాత్రి, 1912 ఏప్రిల్ 15న, అదే సముద్రం మీద మరో కెప్టెన్ ఉన్నాడు. కార్పేథియా ఓడకు చెందిన ఆర్థర్ రోస్ట్రన్. వార్త తెలియగానే ఓడ తిప్పాడు. తన ప్రయాణికుల గదులకు పోయే వేడిని ఆపించి ఆ ఆవిరినంతా ఇంజిన్లకు మళ్లించాడు. భోజనశాలల్లో ఒక్కో వైద్యుణ్ని నిలబెట్టాడు. దుప్పట్లు, వేడి కాఫీ, సూపు సిద్ధం చేయించాడు. తెల్లవారుజామున మంచుకొండల మధ్యనుంచి చేరుకుని 700 మందికి పైగా మనుషుల్ని పైకి తీశాడు. ఆ రాత్రి చలికి వణికిన కార్పేథియా ప్రయాణికుల్లో ఎంతోమంది తమ పడకలు, బట్టలు వచ్చినవాళ్లకు ఇచ్చేశారు. విహారానికి వచ్చినవాళ్లు సాయానికి నిలబడ్డారు.

ఇంటికి దగ్గరి కథా ఒకటుంది. 2015 జూన్‌లో కాకినాడ నుంచి బయలుదేరిన దుర్గమ్మ అనే చేపల బోటు ఇంజిన్ చెడి, లంగరు తెగి వారం రోజులు కొట్టుకుపోయింది. తిండీ నీళ్లూ అలలు ఊడ్చేశాయి. చేపల కోసం తెచ్చిన ఐసు ముక్కలు చప్పరించి ఏడుగురు బతికారు. వాళ్లలో పదిహేనేళ్ల పిల్లవాడూ ఉన్నాడు. ఒడిశాలో గోపాల్‌పూర్ తీరానికి దూరంగా వాళ్లను చూసింది సంపూర్ణ స్వరాజ్య అనే చమురు ఓడ. దాని కెప్టెన్ రాధికా మేనన్, భారత వాణిజ్య నౌకల్లో కెప్టెన్ అయిన తొలి మహిళ. 25 అడుగుల అలల్లో ఓడను తిప్పి, మళ్లీ మళ్లీ ప్రయత్నించి, విశాఖలో పైలట్ దిగిన నిచ్చెన లాంటి నిచ్చెన మీదుగానే ఏడుగురినీ పైకి తెచ్చారు. మరుసటి ఏడాది అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఇచ్చే సాహస పురస్కారం ఆమెకు దక్కింది, అది అందుకున్న తొలి మహిళ ఆమే. దుర్గమ్మలో ఉన్నవాళ్లు టిక్కెట్టు కొన్న ప్రయాణికులు కారు. ఆపదలో ఉన్న మనిషి ఎవరైనా తన ప్రయాణికుడేనన్నది సముద్రం మీది ధర్మం.

ఆ సాయంత్రం కెప్టెన్ కనిపించారు. పెద్ద హాలులో, తెల్ల దుస్తుల్లో, భుజాల మీద నాలుగు బంగారు గీతలతో. మెట్ల మీదుగా దిగి, జనంతో చేతులు కలిపి, పిల్లలతో ఫొటోలు దిగి, తన అధికారుల్ని ఒక్కొక్కరినీ పేరు పేరునా పరిచయం చేశారు. ఇంజిన్ గది పెద్దను, వంటశాల పెద్దను, వైద్యుణ్ని. చప్పట్లు వాళ్లకు ఇప్పించి తాను అర అడుగు వెనక్కి నిలబడ్డారు. ఆవిడ దగ్గరకు వచ్చినప్పుడు రెండు చేతులూ జోడించారు. ఆవిడ గమనించింది మాత్రం ఆ కళ్లను. “కళ్ల కింద నలుపు చూసినారా? మనిషికి నిద్ర లేదు” అన్నారు గదికి వచ్చాక. నిజమే. నాలుగు రోజుల్లో మూడు రేవులు. రేవులోకి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కెప్టెన్ పై అద్దాల గదిలో ఉండి తీరాలి. చేపల బోట్ల దీపాలు దట్టంగా ఉన్న చోట నడిరాత్రయినా కబురొస్తుంది. వేట నిషేధం జూన్ 14తో ముగిసింది, అంటే ఈ రోజుల్లో తీరం పొడుగునా బోట్లే. అంత ఓడ ఉన్నపళాన ఆగాలంటే కిలోమీటరుకు పైగా పడుతుంది. పడవవాడి దీపం దూరంగా ఉన్నప్పుడే చూడాలి.

రాత్రి సగం చంద్రుడు పడమట వాలాడు. సింగరాయకొండ ఉన్న దిక్కునే. గ్లాసులో నీటి గీత నిలకడగా ఉంది. గొంతు చెప్పినట్టే.

పుదుచ్చేరిలో అంత ఓడ ఆనేంత లోతైన రేవు లేదు. దూరంగా లంగరేసి, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరవేయడమే. ఓడ పక్కన తెరిచిన తలుపు దగ్గర పడవ అలతో పాటు లేస్తోంది, దిగుతోంది. అడుగు తప్పితే కాలు నలిగిపోతుంది. ఇద్దరు నావికులు ఆవిడ రెండు ముంజేతులూ పట్టుకున్నారు. అరచేతులు కాదు, ముంజేతులు, తడికి జారకుండా. “ఆగండమ్మా” అని తమిళం కలిసిన తెలుగులో అన్నాడొకడు. పడవ దిగింది. లేచింది. మళ్లీ దిగింది. లేస్తుండగా, గడప ఎత్తుకు సమంగా వచ్చిన క్షణంలో “ఇప్పుడు” అన్నాడు. ఆవిడ గడప దాటినట్టు దాటేశారు. అల ఇంతకంటే పెరిగితే ఈ పడవల్ని ఆపేది ఎవరని ఆయన అడిగితే, ఆ నావికుడు మాట్లాడకుండా తలెత్తి పై అద్దాల వైపు చూపించాడు.

ఊళ్లో ఫ్రెంచివాళ్ల కాలం నాటి పసుపు గోడలు, గోడల మీంచి వంగిన కాగితం పూలు, అరవిందాశ్రమం దగ్గర మాట వినబడని వీధి. పుదుచ్చేరి పాలనలోనే మన యానాం ఉందని తెలిసి, ఆయన ఒక పోలీసుతో తెలుగులో పలకరిస్తే ఆ అబ్బాయి తెలుగులోనే జవాబిచ్చాడు. యానాం కుర్రాడే. మధ్యాహ్నం అరిటాకులో సాంబారన్నం. తీరం వెంట నడుస్తుంటే దూరంగా నీళ్ల మీద తెల్లటి ఓడ. ఇద్దరికీ ఒకేసారి తోచింది, ‘అదిగో మనిల్లు’ అని. ఎక్కి రెండు రోజులే.

ఐదో తేదీ పొద్దున చెన్నై. ఓడ గోడకు ఆనేటప్పుడు కాఫీ కప్పు బల్ల మీదే ఉంది, కప్పులో అల లేవలేదు. దిగేటప్పుడు శ్రీకాకుళం కుర్రాడు సంచి మోసుకొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఆవిడ మిగిలిన పచ్చడి సీసా వాడి చేతిలో పెట్టారు. మైకులో ఆ గొంతు చివరిసారి వీడ్కోలు చెప్పింది. ఆయన రేవు గోడ మీద నిలబడి పైకి చూశారు. నల్లటి అద్దాలు. ఈసారి వాటి వెనక ఎవరున్నారో తెలుసు గనుక చెయ్యి ఊపారు. కనబడిందో లేదో.

ఆ రాత్రి రైలు. తెల్లవారేసరికి సింగరాయకొండ. రాత్రి ఒక చినుకు పడ్డట్టుంది, నల్ల నేల వాసన ప్లాట్‌ఫారం దాకా వస్తోంది. తలస్నానాలు చేసి, పేలాల పిండి గిన్నెతో ఇద్దరూ నరసింహస్వామి కొండ ఎక్కారు. తొలి ఏకాదశి జనం మెట్ల నిండా. పాల సముద్రం మీద శేషుడి పడకపై స్వామి నిద్రకు ఒరిగే రోజు. దర్శనమయ్యాక ఆవిడ తూర్పు వైపు తిరిగి నిలబడ్డారు. చేల అవతల, తాటిచెట్ల అవతల, సముద్రం గీతలాగా ఉంది.

“ఓడ యాడుంటదో ఇప్పుడు?”

ఆయన గాలిలో వేలు చాచి, గీత వెంట దక్షిణానికి జరిపి, కాసేపు ఆలోచించి ఆపారు. “రేవులో ఉందో, మళ్లా బయలుదేరిందో.”

ఆవిడ పేలాల పిండి కాస్త చేతిలోకి తీసుకుని ఆయనకు పెట్టారు. “సాములోరు పడుకునే రోజు గదా. ఆయన గూడా ఈ పూటన్నా కాసేపు పడుకుంటే బాగుండు” అన్నారు.